పాత పెన్ ప్లాటర్‌తో ఇంట్లోనే సర్క్యూట్ బోర్డు: రాగి తోమడం నుంచి రంధ్రాల దాకా

పాత పెన్ ప్లాటర్ (కంప్యూటర్ చెప్పినట్టు పెన్నుతో కాగితం మీద గీసే యంత్రం) చేతికొచ్చింది, దానితో సర్క్యూట్ బోర్డు గీయవచ్చా అని అడిగేవాళ్లకు నేను ఒకటే చెబుతాను. గీయవచ్చు. కష్టం యంత్రంలో లేదు, పెన్ను మొన రాగిని తాకే చోట ఉంది. ప్లాటర్ కాగితం కోసం పుట్టింది. కాగితం సిరాను పీల్చుకుంటుంది, రాగి పీల్చుకోదు. ఈ పద్ధతిలో వచ్చే ఇబ్బందులు చాలావరకు ఆ ఒక్క తేడా నుంచే వస్తాయి.

పని క్రమం ఇది: రాగి పలక మీద చెరగని సిరాతో ట్రాకులు, అంటే కరెంటు పోయే దారులు గీస్తాం, పలకను ఫెర్రిక్ క్లోరైడ్‌లో ముంచుతాం, సిరా లేని చోట రాగి కరిగిపోతుంది, సిరా కింద ఉన్నది మిగులుతుంది. ఉదాహరణగా 60 × 40 మి.మీ. బోర్డు మీద వోల్టేజిని 5 దగ్గర నిలిపే 7805 రెగ్యులేటర్‌తో ఒక చిన్న 5 వోల్టుల సరఫరా తీసుకుంటాను. మొదటి బోర్డుగా అదే చేయండి.

## 1. మీ ప్లాటర్ ఏ రకమో ముందు చూడండి

రెండు రకాలున్నాయి. మొదటి రకంలో కాగితం పరుపు (యంత్రం చదునైన బల్ల) మీద కదలకుండా ఉంటుంది, పెన్ను రెండు దిక్కులా తిరుగుతుంది. రోలాండ్ డీఎక్స్‌వై వరుస యంత్రాలు ఇలాంటివి. రెండో రకంలో పెన్ను అడ్డంగా మాత్రమే కదులుతుంది, కాగితాన్ని చిన్న చక్రాలు పట్టుకుని ముందుకూ వెనక్కీ లాగుతాయి. హెచ్‌పీ 7475ఏ ఈ రకం.

పరుపు యంత్రం ఉంటే నేరుగా రాగి మీద గీయండి. చక్రాల యంత్రంలో 1.6 మి.మీ. గట్టి బోర్డును నెట్టే ప్రయత్నం చేయకండి. చక్రాల పట్టు కాగితం మందానికి సరిపడేలా ఉంటుంది, బోర్డు జారినా ఇరుక్కున్నా నష్టం యంత్రానికే. వాళ్లకు 14వ అంశంలో ఫిల్మ్ మార్గం చెప్పాను. అయితే 4 నుంచి 7 వరకు ఉన్న అంశాలు రెండు రకాలకూ వర్తిస్తాయి, 8వ అంశంలోని అద్దం లెక్క మాత్రం ఫిల్మ్‌కు తిరగబడుతుంది.

## 2. దగ్గర ఉంచుకోవలసినవి

- ఒక వైపు రాగి ఉన్న పలక. గ్లాస్ ఎపాక్సీ అయినా, మన ఎలక్ట్రీషియన్లు హైలం అని పిలిచే గోధుమ రంగుదైనా సరే. మందం 0.8 మి.మీ. దొరికితే మంచిది, 1.6 అయినా పని జరుగుతుంది.
- సన్న మొన ఉన్న చెరగని మార్కర్లు రెండు, ఒకే రకంవి
- ఐసోప్రొపైల్ ఆల్కహాల్, పీచు రాని గుడ్డ, ఆకుపచ్చ గిన్నెల పీచు
- ఫెర్రిక్ క్లోరైడ్, ప్లాస్టిక్ ట్రేలు రెండు, రబ్బరు చేతి తొడుగులు, కళ్లద్దాలు
- వెర్నియర్ కాలిపర్, భూతద్దం, పదునైన సూది, బ్లేడు
- సన్నని రెండు వైపుల అంటు టేపు, పనికిరాని బోర్డు ముక్కలు

హైదరాబాద్‌లో ఉన్నవారికి రాగి పలక, ఫెర్రిక్ క్లోరైడ్, డ్రిల్ బిట్లు కోఠీ గుజరాతీ గల్లీలో దొరుకుతాయి. పలక కొనేటప్పుడు రాగి వైపు వేలితో తాకకుండా అంచులు పట్టుకుని చూడండి. గీతలు పడిన పలక వద్దు.

## 3. పెన్ను: ఎంపిక, తొడుగు, ఎత్తు

ప్లాటర్‌తో వచ్చిన పాత పెన్నులు ఎండిపోయి ఉంటాయి. ఎండకపోయినా వాటిలో చాలావాటి సిరా కాగితానికి ఉద్దేశించింది, నీటిలో కరుగుతుంది. మనకు నీటికి కరగని, ఆమ్లానికి తట్టుకునే సిరా కావాలి. స్టెడ్లర్ ల్యూమోకలర్ పర్మనెంట్‌లో 0.4 మి.మీ. మొన ఉన్నది నాకు నమ్మకమైనది. నలుపు తీసుకోండి, లేత రంగుల జోలికి వెళ్లకండి. నలుపు పొర ఎక్కడ పలచబడిందో కంటికి వెంటనే తెలుస్తుంది.

మార్కర్ శరీరం ప్లాటర్ పట్టులో సరిపోదు. దానికి తొడుగు చేయాలి. త్రీడీ ప్రింటర్ అందుబాటులో ఉంటే గంట పని, లేకపోతే లేతు పనివారి చేత ప్లాస్టిక్ కడ్డీ తొలిపించవచ్చు. తొడుగు బయటి ఆకారం అసలు ప్లాటర్ పెన్నుది, లోపలి రంధ్రం మార్కర్‌ది. మార్కర్ వెనుక భాగాన్ని కోసి పొట్టి చేయండి, కోసిన చోట జిగురుతో మూసేయండి. పొడవాటి పెన్ను బరువుకు పట్టు ఊగుతుంది, మూలల దగ్గర గీత వంకర పోతుంది.

ఇక అసలు విషయం ఎత్తు. అసలు పెన్నులో పట్టుకు ఆనే అంచు నుంచి మొన దాకా ఉన్న దూరం కాలిపర్‌తో కొలిచి రాసుకోండి. కాగితం మీద గీయాలంటే మీ మార్కర్‌కూ అంతే దూరం ఉండాలి. 1.6 మి.మీ. బోర్డు మీద గీయాలంటే మొన ఆ మేరకు పైకి జరగాలి.

దీన్ని సరిచూడటానికి నేను పాత ఏటీఎం కార్డులు వాడతాను. ఒక కార్డు మందం 0.76 మి.మీ. రెండు కార్డులు కలిపితే సుమారు 1.5, అంటే దాదాపు బోర్డు మందం. బోర్డు ఉండవలసిన చోట రెండు కార్డులు పెట్టి పెన్ను దించండి. మొన కార్డును మెత్తగా తాకాలి, వంగకూడదు. పెన్ను పైకి లేచినప్పుడు మొన కింద సందు స్పష్టంగా కనిపించాలి. సందు లేకపోతే ఒక ప్యాడ్ (భాగం కాలుకు టంకం వేసే రాగి వలయం) నుంచి మరో ప్యాడ్‌కు వెళ్లేటప్పుడు సన్నటి చార పడుతుంది, అదే షార్ట్ అవుతుంది. 1.6 పలకతో సందు చాలకపోతే 0.8 పలకకు మారండి, యంత్రాన్ని బలవంతపెట్టకండి.

## 4. కంప్యూటర్‌కు కలపడం

ఈ యంత్రాలు హెచ్‌పీజీఎల్ అనే ఆదేశాల భాష వింటాయి. అక్షరాలు కొన్నే: పీయూ అంటే పెన్ను ఎత్తు, పీడీ అంటే దించు, ఎస్‌పీ అంటే ఫలానా పెన్ను తీసుకో, వీఎస్ అంటే సెకనుకు ఇన్ని సెంటీమీటర్ల వేగం. కొలత యూనిట్ 0.025 మి.మీ. అంటే మిల్లీమీటరుకు 40, పది సెంటీమీటర్లకు 4,000.

సీరియల్ తీగ ద్వారా కలిపేటప్పుడు ఎక్కువమంది చిక్కుకునేది వేగాల సర్దుబాటు దగ్గర. 7475ఏలో ఉన్న తాత్కాలిక జ్ఞాపకం 1,024 బైట్లే. కంప్యూటర్ గబగబా పంపేస్తుంది, ప్లాటర్ నెమ్మదిగా గీస్తుంది. ఆగమని చెప్పే తీగ లేకపోతే మధ్యలో ఆదేశాలు పోతాయి, బోర్డుకు అడ్డంగా ఒక పిచ్చిగీత పడుతుంది.

7475ఏకు తీగలు ఇలా కలపాలి. ప్లాటర్ వైపు 25 పిన్నులది, కంప్యూటర్ వైపు 9 పిన్నులది:

- 2 నుంచి 2కు, 3 నుంచి 3కు
- 7 నుంచి 5కు, ఇది భూమి తీగ
- 20 నుంచి 8కి, 6కు కూడా. ఆగమని చెప్పేది ఈ తీగే.

కంప్యూటర్‌లో హార్డ్‌వేర్ ఫ్లో కంట్రోల్ ఆన్ చేయండి. యూఎస్‌బీ మార్పిడి తీగ వాడితే అది ఈ సంకేతాన్ని నిజంగా మోసుకెళ్తుందో లేదో చూడండి, చవక తీగల్లో కొన్ని మోయవు. ప్లాటర్ వెనక ఉన్న చిన్న స్విచ్చులు తీగ మీద సమాచారం వచ్చే వేగాన్ని, కాగితం పరిమాణాన్ని నిర్ణయిస్తాయి. వాటిని మార్చాక యంత్రాన్ని ఆపి మళ్లీ ఆన్ చేయాలి.

కాగితం మీద ఒక 100 మి.మీ. చదరం గీయించి కాలిపర్‌తో నాలుగు వైపులా కొలవండి. 40 కాళ్ల ఐసీలో (చిప్‌లో) మొదటి కాలు నుంచి ఇరవయ్యో కాలు దాకా 48.26 మి.మీ. ఉంటుంది. అర శాతం తేడా వచ్చినా చివరి కాలు పావు మిల్లీమీటరు పక్కకు పోతుంది. మా చిన్న సరఫరా బోర్డుకు ఆ తేడా కనిపించదు, పెద్ద ఐసీకి కనిపిస్తుంది.

## 5. గీత అసలు వెడల్పు కొలవండి

ఈ అంశాన్ని దాటవేయకండి. 0.4 మి.మీ. మొన రాగి మీద 0.4 గీత గీయదు. నెమ్మదిగా పోతే సిరా వ్యాపించి 0.6 కూడా అవుతుంది.

శుభ్రం చేసిన ఒక రాగి ముక్క మీద గీతల జంటలు గీయించండి. జంటలో రెండు గీతల నడిమి రేఖల మధ్య దూరం మొదట 0.4, తర్వాత 0.5, 0.6, 0.7 మి.మీ. ఇదే వరుసను సెకనుకు 1, 2, 4, 8 సెంటీమీటర్ల వేగంతో మళ్లీ గీయించండి. భూతద్దంలో చూడండి. ఏ జంట దగ్గర మధ్యలో రాగి మెరుపు మొదటిసారి కనిపించిందో, గీత వెడల్పు దానికంటే కాస్త తక్కువ, దాని ముందు జంటకు దగ్గరగా ఉంటుంది. ఖరీదైన కొలత పరికరం అక్కర్లేదు.

నా మార్కర్ సెకనుకు 3 సెంటీమీటర్ల వేగంతో 0.5 మి.మీ. గీస్తుంది. కింది లెక్కలన్నీ ఆ సంఖ్య మీదే. మీ సంఖ్య వేరైతే లెక్క మార్చుకోండి. 7475ఏ వేగాన్ని తగ్గించకపోతే సెకనుకు 38.1 సెంటీమీటర్లతో పరుగెత్తుతుంది, ఆ వేగంలో రాగి మీద సిరా చుక్కలు చుక్కలుగా పడుతుంది.

## 6. డిజైన్‌లో పాటించవలసిన కొలతలు

- ట్రాకు వెడల్పు 0.8 మి.మీ., కరెంటు ఎక్కువ పోయే చోట 1.2
- రెండు ట్రాకుల మధ్య ఖాళీ కనీసం 0.6, వీలైతే 0.8
- ప్యాడ్ వ్యాసం 2 మి.మీ., మధ్య రంధ్రం గుర్తు 0.8
- ఐసీ కాళ్ల మధ్య నుంచి ట్రాకు తీసుకెళ్లకండి, పై వైపు తీగ ముక్క వేసి దాటించండి

0.8 ఎందుకంటే: 0.5 మి.మీ. పెన్నుతో దాన్ని రెండు గీతలుగా గీస్తే గీతలు 0.2 మేర ఒకదానిపై ఒకటి పడతాయి. ట్రాకు సరిగ్గా 1.0 అయితే రెండు గీతలు అంచులతో కలుస్తాయి, మధ్యలో వెంట్రుకంత సందు మిగలవచ్చు. ఫెర్రిక్ క్లోరైడ్ ఆ సందును వదలదు.

ఇంకో సంగతి. మామూలు పలక మీద రాగి మందం 35 మైక్రాన్లు. ఆమ్లం కిందికి తింటూనే పక్కలకూ తింటుంది. రెండు వైపులా కలిపి సుమారు 0.07 మి.మీ. పోతుందని లెక్క వేసుకోండి. 0.8 ట్రాకుకు అది నష్టం కాదు, 0.3 ట్రాకుకు నష్టమే.

భూమి పొరను (గ్రౌండ్ కోసం వదిలే వెడల్పాటి రాగి మేరను) పెన్నుతో నిండా నింపించకండి. మొన ఒకే చోట పదేపదే రాసి తడి సిరాను గీకేస్తుంది, మొన కూడా అరిగిపోతుంది. అంచు మాత్రం ప్లాటర్‌తో గీయించి లోపల వెడల్పు మార్కర్‌తో చేత్తో నింపండి.

## 7. బొమ్మను పెన్ను గీతలుగా మార్చడం

కీక్యాడ్ అనే సర్క్యూట్ ప్రోగ్రాంలో డిజైన్ చేసి ఎస్‌వీజీ అనే గీతల ఫైలుగా తీసి ఇంక్‌స్కేప్ అనే బొమ్మల ప్రోగ్రాంలో తెరవడం నా దారి. ఇక్కడ ఒక ఉచ్చు ఉంది. ప్లాటర్‌కు వెడల్పు తెలియదు, నింపడం తెలియదు. మీరు 0.8 ట్రాకు అనుకున్నది ఒక్క గీతగా వస్తుంది, నిండు ప్యాడ్ బోలు వలయంగా వస్తుంది.

క్రమం ఇది:

1. ట్రాకులన్నీ ఎంచుకుని స్ట్రోక్ టు పాత్ చేయండి (ఇదీ, కింద వచ్చే యూనియన్, డిఫరెన్స్, ఇన్‌సెట్ ఇంక్‌స్కేప్ మెనూలోని ఆదేశాలు). ఇప్పుడవి వెడల్పున్న ఆకారాలు.
2. ట్రాకులు, ప్యాడ్లు అన్నీ ఎంచుకుని యూనియన్ చేయండి.
3. రంధ్రాల వృత్తాలను అందులోంచి డిఫరెన్స్‌తో తీసేయండి.
4. ఇన్‌సెట్ ద్వారా ఆకారాన్ని పెన్ను వెడల్పులో సగం, అంటే 0.25 మి.మీ. లోపలికి కుదించండి. ఇది చేయకపోతే ప్రతి ట్రాకూ అర మిల్లీమీటరు లావెక్కుతుంది.
5. లావు చోట్ల ఆ ఆకారానికి నకలు తీసి మరో 0.3 లోపలికి కుదించండి. ఏమీ మిగలనంత వరకు ఇలాగే.
6. రంగు తీసేసి అంచు గీత మాత్రం ఉంచి హెచ్‌పీజీఎల్‌గా దాచండి.

దాచేటప్పుడు వచ్చే కిటికీలో మొదట ఉండే విలువలు కోత యంత్రాల కోసం. టూల్ ఆఫ్‌సెట్ 0.25, ఓవర్‌కట్ 1 అని ఉంటాయి. రెండూ సున్నా చేయండి, ప్రీకట్ ఆపేయండి. లేకపోతే మూలలు గుండ్రమవుతాయి, ప్రతి వలయం చివర ఒక మిల్లీమీటరు తోక మిగులుతుంది. బొమ్మను తనంతట తాను మూలకు జరిపే ఎంపిక కూడా ఆపండి. బొమ్మను రెండు ఫైళ్లుగా గీసినప్పుడు ఒకదాని మీద ఒకటి సరిగ్గా పడకుండా చేసేది అదే.

ఆదేశ వరుసలతో పని చేయడం అలవాటున్నవారికి వీపైప్ అనే ప్రోగ్రాం మేలు. దానిలో లైన్‌మెర్జ్ ఆదేశం ముక్కలను కలిపి పెన్ను లేవడాన్ని తగ్గిస్తుంది. పెన్ను దిగిన ప్రతిచోటా ఒక చిన్న సిరా బొట్టు పడుతుంది కాబట్టి, ఎన్నిసార్లు తక్కువ దిగితే బోర్డు అంత శుభ్రంగా వస్తుంది.

## 8. అద్దం బొమ్మ పరీక్ష

నా మొదటి 7805 బోర్డు అన్ని విధాలా చక్కగా వచ్చింది, ఒక్కటి తప్ప: తిరగబడింది. రెగ్యులేటర్‌లో మొదటి కాలు ఇన్‌పుట్, మూడోది అవుట్‌పుట్, అవి తారుమారయ్యాయి. చివరికి దాన్ని రాగి వైపే అతికించాల్సి వచ్చింది.

కంప్యూటర్ తెర మీద కింది పొరను (బోర్డు అడుగున ఉండే రాగి వైపును) మనం పై నుంచి, బోర్డు గుండా చూస్తున్నట్టు చూస్తాం. ప్లాటర్ నేరుగా రాగి మీద గీస్తుంది. కాబట్టి కింది పొరకు అద్దం బొమ్మ కావాలి. పై వైపు అతికే చిన్న భాగాలకు పై పొరే గీస్తాం, దానికి అద్దం అక్కర్లేదు. లేజర్ ప్రింటర్‌తో కాగితం మీద తీసిన బొమ్మను ఇస్త్రీతో రాగి మీదికి దించడం అలవాటైనవారు ఇక్కడే తప్పు చేస్తారు, ఆ పద్ధతిలో ఇస్త్రీయే బొమ్మను తిప్పుతుంది.

సిద్ధాంతం గుర్తుపెట్టుకోనక్కర్లేదు. కింది పొర మీద రెండు అక్షరాలు రాసి పెట్టండి. ముందు కాగితం మీద గీయించి చూడండి. రాగి మీద ఆ అక్షరాలు సరిగ్గా చదవగలిగేలా ఉంటే బోర్డు సరైనది. అదే కాగితం మీద నిజమైన భాగాలను పెట్టి కాళ్లు చుక్కల మీద కూర్చుంటున్నాయో కూడా చూడండి.

## 9. రాగిని తోమడం

సిరా నిలిచేది శుభ్రమైన రాగి మీదే. మన ఇళ్లలో రాగి చెంబును చింతపండుతో తోమినట్టే మొదలుపెట్టండి. చింతపండులోని ఆమ్లం నల్లదనాన్ని తీసేస్తుంది, గులాబీ మెరుపు వస్తుంది. తర్వాత గిన్నెల సబ్బు, ఆకుపచ్చ పీచుతో గుండ్రంగా కాకుండా ఒకే దిక్కులో రుద్దండి. గుండ్రటి గీతల వెంట సిరా పాకుతుంది.

కుళాయి కింద పట్టుకుని చూడండి. నీరు ఒకే పలచటి పొరగా పరుచుకుంటే జిడ్డు పోయినట్టు. చుక్కలుగా విడిపోతే ఇంకా ఉన్నట్టు, మళ్లీ సబ్బు పెట్టండి.

ఆరిన తర్వాత ఆల్కహాల్‌తో ఒకసారి తుడవండి. ఇక మీదట వేలు తగలకూడదు. వేలిముద్ర పడిన చోట సిరా పైపైన నిలుస్తుంది, ఆమ్లంలో లేచిపోతుంది. ట్రాకు మీద సరిగ్గా వేలిముద్ర గీతల ఆకారంలో రాగి పోయిన బోర్డు నా బల్ల మీద ఇప్పటికీ ఉంది. తోమిన అరగంటలో గీయడం మొదలుపెట్టండి.

## 10. బోర్డును బిగించడం

పరుపు మీద బోర్డును ఊరికే అంటిస్తే పని సగమే. బోర్డు అంచు దగ్గర మొన కిందికి పడి, తిరిగి ఎక్కేటప్పుడు చీలిపోతుంది. అందుకని అదే మందం ఉన్న పనికిరాని ముక్కలను బోర్డు చుట్టూ పేర్చి అంటించండి. బోర్డు వాటి మధ్య గూడులో కూర్చున్నట్టు ఉండాలి.

గూడులో రెండు వైపులు శాశ్వతంగా అంటించి ఉంటే బోర్డును తీసి మళ్లీ పెట్టినా అదే చోట కూర్చుంటుంది. అదే బొమ్మను రెండోసారి గీసే రెండో పూతకు ఇది అవసరం.

కొన్ని పరుపు యంత్రాలు కాగితాన్ని స్థిర విద్యుత్తుతో పట్టుకుంటాయి. రాగి పెట్టే ముందు ఆ పట్టును ఆపేయండి.

## 11. గీయడం

గీసే ముందు:

- అక్షరాలు సరిగ్గా చదవగలిగేలా వచ్చాయని కాగితం మీద చూశాను
- వేగం సెకనుకు 3 సెంటీమీటర్లకు తగ్గించాను
- పెన్ను ఎత్తు కార్డులతో సరిచూశాను
- ఫ్యాను ఆపాను, దుమ్ము తుడిచాను
- మార్కర్ మూత ఇప్పుడే తీశాను

చివరిది చిన్న విషయంలా కనిపిస్తుంది. ఆల్కహాల్ సిరా మార్కర్ మూత లేకుండా కొన్ని నిమిషాల్లోనే మొన దగ్గర ఎండుతుంది. ప్లాటర్‌లో పెన్నులకు మూతలు ఉన్నా మన తొడుగుకు అవి సరిపోవు. కాబట్టి ఫైలు పంపే క్షణంలోనే పెన్ను పెట్టండి. ఫైలు మొదట్లో, పక్కన అంటించిన వ్యర్థ ముక్క మీద ఒక 5 సెంటీమీటర్ల గీత చేర్చండి. సిరా పారడం మొదలయ్యేది అక్కడ కావాలి, మీ ట్రాకు మీద కాదు.

మొదటి పూత అయ్యాక పెన్ను తీసి మూత పెట్టండి. పదిహేను నిమిషాలు ఆగండి. తొందరపడి వెంటనే రెండో పూత వేస్తే రెండో సిరాలోని ద్రావకం మొదటి పూతను కరిగించి మొనతో పాటు లాక్కుపోతుంది. ఒకే పెన్నును ప్లాటర్‌లోని అదే పెన్ను గూటి నుంచి వాడండి. 7475ఏ ఒకే పెన్నుతో 0.1 మి.మీ. తేడాలో అదే చోటుకు వస్తుంది, పెన్ను మారితే తేడా 0.2 దాకా పెరుగుతుంది. రెండో పూతకు వేగం కాస్త పెంచండి, సెకనుకు 5 సెంటీమీటర్లు చాలు. మొన తక్కువసేపు తడిపితే కింది పొర తక్కువగా కదులుతుంది.

మూడో పూత వద్దు. నేను చేసి చూశాను, వెడల్పు పెరిగింది, బలం పెరగలేదు.

## 12. ఆరబెట్టి దిద్దడం

కనీసం ఒక గంట ఆరనివ్వండి, లేదా హెయిర్ డ్రయర్‌తో అయిదు నిమిషాలు దూరం నుంచి వేడిగాలి పట్టండి. తర్వాత బోర్డును కిటికీ వెలుగులో ఏటవాలుగా పట్టుకుని భూతద్దంతో ప్రతి ట్రాకునూ ఒక చివర నుంచి మరో చివర దాకా చూడండి. సిరా నిండుగా ఉన్నచోట నల్లగా, మెరుస్తూ ఉంటుంది. పలచబడిన చోట గోధుమ రంగులో కింది రాగి తొంగిచూస్తుంది. అక్కడ అదే మార్కర్‌తో చేత్తో ఒక చుక్క పెట్టండి.

రెండు ట్రాకులు కలిసిపోతే బ్లేడు మొనతో మధ్యలో ఒక్క గీత గీకండి. ప్యాడ్ మధ్య రంధ్రం గుర్తు సిరాతో మూసుకుపోతే సూదితో గుచ్చి తిప్పండి. ఆ చుక్కలోని రాగి కరిగి చిన్న గుంట ఏర్పడుతుంది, డ్రిల్ బిట్టు జారకుండా అందులో కూర్చుంటుంది. ఒక్కో ప్యాడ్‌కు రెండు సెకన్లు పట్టే ఈ పని రంధ్రాలు వేసేటప్పుడు ఎంతో శ్రమ తగ్గిస్తుంది.

## 13. ఎచింగ్ (అక్కర్లేని రాగిని కరిగించడం), కడగడం, రంధ్రాలు

గాలి ఆడే చోట, పాత బట్టలతో చేయండి. ఫెర్రిక్ క్లోరైడ్ మరక బట్టకు, గచ్చుకు అంటితే పోదు. అల్యూమినియం, స్టీలు పాత్రలు దగ్గరకు రానివ్వకండి. నేను అర లీటరు నీటికి పావు కిలో కలుపుతాను. నీటిలో దాన్ని కొద్దికొద్దిగా వేయాలి, దాని మీద నీరు పోయకూడదు. కలిసేటప్పుడు బాగా వేడెక్కుతుంది.

1. ట్రేను వేడినీళ్లున్న పెద్ద ట్రేలో పెట్టి ద్రవాన్ని సుమారు 40 డిగ్రీలకు తేండి. 50 దాటనివ్వకండి, సిరా మెత్తబడుతుంది.
2. బోర్డు వేసి ట్రేను మెల్లగా ఊపుతూ ఉండండి.
3. మూడు నిమిషాలకు ఒకసారి ప్లాస్టిక్ పటకారుతో తీసి చూడండి. అంచుల దగ్గర రాగి ముందు పోతుంది, మధ్యలో ఆలస్యంగా పోతుంది.
4. చివరి రాగి మచ్చ పోగానే తీసి ధారగా నీటితో కడగండి. ఎక్కువసేపు వదిలితే ట్రాకుల పక్కలు తినేస్తుంది.

కొత్త ద్రవంలో పది నుంచి ఇరవై నిమిషాలు పడుతుంది. హైడ్రోక్లోరిక్ ఆమ్లం, పెరాక్సైడ్ మిశ్రమం ఇంకా వేగం, కానీ మార్కర్ సిరాకు అది కఠినం, ఊపిరికి ఇంకా కఠినం. ఇంట్లో వద్దని నా మాట.

వాడేసిన ద్రవాన్ని కాలువలో పోయకండి, అందులో కరిగిన రాగి చేపలకు విషం. మూత ఉన్న ప్లాస్టిక్ సీసాలో దాచి మళ్లీ వాడండి. పూర్తిగా నిస్సారమైనప్పుడు నురగ ఆగేదాకా వాషింగ్ సోడా కలిపి, అడుగున చేరిన మడ్డిని ఆరబెట్టి ఇంటి ప్రమాదకర వ్యర్థాల కింద విడిగా ఇవ్వండి.

సిరాను అసిటోన్‌తో తుడిచేయండి. రంధ్రాలు రెసిస్టర్లకు, ఐసీలకు 0.8 మి.మీ., 7805 కాళ్లకు 1.2. గ్లాస్ ఎపాక్సీ మామూలు బిట్టును త్వరగా మొద్దుబారుస్తుంది, కార్బైడ్ బిట్టు చేతి డ్రిల్‌లో విరుగుతుంది. స్టాండు లేనివారు హైలం పలకతో మొదలుపెట్టడం మేలు. ఎపాక్సీ దుమ్ము పీల్చకండి, ముక్కుకు మాస్కు కట్టుకోండి. తర్వాత ఫ్లక్స్ పూసి ట్రాకుల మీద పలచగా టంకం పట్టిస్తే రాగి నల్లబడదు.

## 14. చక్రాల యంత్రం ఉన్నవారికి ఫిల్మ్ మార్గం

డ్రాఫ్టింగ్ ఫిల్మ్ (కాంతి పోయే ప్లాస్టిక్ రేకు) మీద, ఫిల్మ్ కోసం తయారైన నల్ల సిరాతో, 0.35 మి.మీ. డ్రాయింగ్ పెన్నుతో గీయండి. ఆ ఫిల్మ్‌ను కాంతికి స్పందించే పూత ఉన్న పలక మీద పెట్టి అతినీలలోహిత కాంతి చూపించాలి.

పలక కొనేటప్పుడు జాగ్రత్త. చవకగా దొరికే అంటించే నీలిరంగు ఫిల్మ్ నెగటివ్ రకం: వెలుగు తగిలిన చోటే మిగులుతుంది. దానికి ట్రాకులు తెల్లగా, మిగతాదంతా నల్లగా గీయాలి, పెన్నుతో అది అసాధ్యమనే చెప్పాలి. ముందే పూత వేసి ఉన్న పాజిటివ్ పలకే, అంటే వెలుగు తగిలిన చోట పూత పోయేదే అడగండి.

సిరా వైపు రాగికి ఆనుకునేలా ఫిల్మ్ పెట్టండి. తలకిందులైతే ఫిల్మ్ మందం గుండా కాంతి పక్కకు పాకి ట్రాకులు సన్నబడతాయి. సిరా వైపు కిందికి వస్తుంది కాబట్టి అద్దం లెక్క తిరగబడుతుంది: 8వ అంశంలో చెప్పినదానికి సరిగ్గా వ్యతిరేకంగా కింది పొరను ఉన్నది ఉన్నట్టే గీయాలి.

## 15. తప్పులు, వాటి మందులు

గీత మధ్యలో తెగిపోయింది. రాగి మీద జిడ్డు ఉంది, లేదా వేగం ఎక్కువ. ముందు నీటి పరీక్ష చేయండి, తర్వాతే వేగం తగ్గించండి.

ప్రతి గీత మొదట్లో బొట్టు. పెన్ను ఎక్కువసార్లు దిగుతోంది. ముక్కలు కలపండి, గీతలు ప్యాడ్ల దగ్గర మొదలయ్యేలా చూడండి. ప్యాడ్ మీద బొట్టు పడితే నష్టం లేదు.

బోర్డు ఒక మూల సన్నగా, మరో మూల లావుగా. బోర్డు సమతలంగా లేదు. కింద టేపు మడత పడి ఉంటుంది, తీసి మళ్లీ అంటించండి.

బోర్డుకు అడ్డంగా అనుకోని గీత. 20వ పిన్ను తీగ చూడండి.

గీత రోజురోజుకూ లావవుతోంది. మొన అరిగింది. తోమిన రాగి ఫెల్టు మొనను తినేస్తుంది. మూడు నాలుగు బోర్డులకు ఒకసారి 5వ అంశంలోని జంట గీతలు మళ్లీ గీయించి చూడండి, 0.6 దాటితే మార్కర్ మార్చండి.

ఆమ్లంలో సిరా పొలుసులుగా లేచింది. సరిగ్గా ఆరలేదు, లేదా ద్రవం మరీ వేడిగా ఉంది. బోర్డును వెంటనే తీసి కడిగి, ఆరబెట్టి, పోయిన చోట మార్కర్‌తో దిద్ది, గంట ఆగి మళ్లీ ముంచండి. రాగి పూర్తిగా పోకముందే గమనిస్తే ఆ బోర్డు దక్కుతుంది.

ట్రాకు ఒక చోట తెగింది, మిగతాదంతా బాగుంది. బోర్డు పారేయకండి. రెసిస్టర్ కాలు ముక్క ఒకటి దాని మీద అడ్డంగా పెట్టి టంకం వేయండి.